సత్యవ్వ గొంతు తీసిందెవరు?

2010 ఏప్రిల్‌లో జగిత్యాలలో బస్సులు నడిచిన రోజుల కంటే పాటలు మోగిన రోజులే ఎక్కువ. తెలంగాణ కోసం టవర్ దగ్గర వేసిన దీక్షా శిబిరంలో పొద్దు పొడవకముందే ఎవరో ఒకరు మైకు అందుకునేవారు. కూరగాయలమ్మే ఆడవాళ్లు గంపలు దించి వంత పాడేవారు. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ టవర్ మలుపు తిరిగితే ఒక్క క్షణం ఆగుతారు.

ఆ మలుపులోనే, బట్టల దుకాణం పైన, ప్రైవేటు డిటెక్టివ్ ప్రేమ్‌సాగర్ ఆఫీసు ఉండేది. హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లు మాత్రల నాణ్యత పరీక్షించి, విసుగొచ్చి సొంత ఊరు చేరిన మనిషి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ముఖం కంటే చేతులే ఎక్కువ చూసేవాడు. సహాయకురాలు లత నలభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు కోర్టు దగ్గర టైపిస్టు. తమ సారు విప్పలేని ముడి లేదని ఆమె గట్టి నమ్మకం.

ఒక పొద్దున మెట్లెక్కి వచ్చిన స్త్రీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

"నా పేరు శాంత సారూ. కోరుట్ల నుంచి అచ్చిన. మా సత్యవ్వకు నేను సిందూరం పెట్టిన్నట. ఆమె గొంతు నేనే తీసిన్నట. ఐతారం నాడు అందరి ముంగట నన్ను పాటల దళం నుంచి ఎల్లగొడ్తరట."

సిందూరం తినిపిస్తే పాడేవాళ్ల గొంతు పోతుందని ఆ ప్రాంతంలో పాతకాలపు నమ్మకం. ప్రేమ్‌సాగర్ నవ్వలేదు. "సత్యవ్వ అంటే వీర్నపల్లి సత్యవ్వేనా?" అని అడిగాడు.

"అవ్ సారూ. మీరెరుగుదురా?"

ఆయన ఎరుగును. పదేళ్ల కిందట సిరిసిల్లలో ఒక సందులో నడుస్తుంటే పవర్‌లూమ్‌లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాడు. పోలేదు. సందు చివర అరుగు మీద కూర్చుని ఒక కూలీ ఆడమనిషి వరి నాట్ల పాట పాడుతోంది. అది వినడానికి నేత కార్మికులే మగ్గాలు ఆపి బయటికి వచ్చారు. ఆ పాట అయిపోయాక కూడా కాసేపు ఎవరూ లోపలికి పోలేదు.

శాంత కళ్లు తుడుచుకుని మిగతాది చెప్పింది. తల్లి చచ్చిపోయిన పన్నెండేళ్ల శాంతను సత్యవ్వే చేరదీసి, పొలం గట్ల మీద పాట నేర్పింది. డిసెంబరులో ఉద్యమం లేచాక ఇద్దరూ కోరుట్ల శిబిరంలో రోజూ పాడారు. ఫిబ్రవరి నుంచి సత్యవ్వ గొంతు బొంగురుపోయింది. మార్చికి పూర్తిగా పడిపోయింది. ఆమె పాడే పాటలన్నీ శాంతే పాడాల్సి వచ్చింది. దాంతో వేలు శాంత వైపు తిరిగింది.

"నువ్వు ఆమెకు తినేటందుకు, తాగేటందుకు ఏమన్న ఇచ్చినవా?"

శాంత తడబడింది. "ఇచ్చిన సారూ. కడుపు కదుల్తలేదంటె మెడికల్ షాపుల ఇసబ్గోల్ కొనుక్కచ్చిన. తెల్ల పొట్టు. అదే సిందూరం కలిపిన పొడి అంటున్నరు."

"ఎప్పుడిచ్చినవు?"

"సంక్రాంతి అయినంక."

బస్సులు లేవు. ప్రేమ్‌సాగర్, లత స్కూటరు మీద కోరుట్ల చేరారు.

ఊరంతా ఎండకు మాడుతుంటే సత్యవ్వ మంచం మీద రగ్గు కప్పుకుని ఉంది. కళ్ల కింద ఉబ్బు, దువ్వెన నిండా రాలిన జుట్టు. పక్కన కాపలా కుక్కలా ఆమె అక్క శంకరవ్వ.

"గా శాంతను పట్టుకపోయి జైల్ల వెయ్యిండ్రి" అంది శంకరవ్వ, వాళ్లు గడప దాటగానే. "నా చెల్లె నోట్ల మన్ను కొట్టింది."

సత్యవ్వ ఏదో అంది. ఎండుటాకులు నలిగినట్టు వచ్చింది మాట. ప్రేమ్‌సాగర్ వంగి విన్నాడు.

"అది గసొంటి పిల్ల కాదు సారూ."

లత మొహం పక్కకు తిప్పుకుంది. ఆ గొంతు ఆమె కూడా ఒకప్పుడు విన్నది.

"అవ్వా, ఏమన్న మందులు వాడుతవా?"

"థైరాయిడ్ గోలి. నాలుగేండ్లాయె. ఒక్క నాడు ఇడువలే."

లత మాత్రల పట్టీ చూసింది. గడువు దాటలేదు. ఎప్పుడూ కొనే షాపే, ఎప్పుడూ వాడే కంపెనీయే. మాత్రల లెక్క కూడా సరిపోయింది. పక్కన ఇంకో డబ్బా ఉంది.

"గవి నేనిచ్చిన" అంది శంకరవ్వ గర్వంగా. "మోకాళ్లు గుంజుతున్నయంటె కాల్షియం గోలీలు తెచ్చిన. శాంత లెక్క విషం తెచ్చిన్నా?"

"అవ్వా, పొద్దున లేచినంక ఏం జేస్తవో ఒక్కపారి జేసి సూపియ్యి" అన్నాడు ప్రేమ్‌సాగర్.

సత్యవ్వ నెమ్మదిగా లేచింది. స్టీలు గ్లాసులో రెండు చెంచాల ఇసబ్గోల్ వేసి, సగం దాకా నీళ్లు పోసింది. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకే అరచేతిలో పెట్టుకుని, నోట్లో వేసుకుని ఆ గ్లాసు ఎత్తుతున్నట్టు చేసి చూపించింది.

"ముందునుంచి గిట్లనేనా?"

"లేదు. ముందుగాల గోలి ఒక్కటే. ఇసబ్గోల్ అచ్చినంక మొదట్ల రాత్రి తాగిన. శిబిరం ఏడింటికే షురువైతది గదా, మర్చిపోతున్ననని అన్ని ఒక్కతీరుగ పొద్దుగాలనే ఏసుకుంటున్న. కడుపు ఇంకింత బిగుసుకపోతున్నదని రెండు చెంచాలు జేసిన."

"నీళ్లు సగం గ్లాసేనా? దినమంతట్ల ఎన్ని తాగుతవు?"

సత్యవ్వ తల దించుకుంది. జవాబు లత చెవిలో చెప్పింది. లత ముఖం ఎర్రబడింది. ప్రేమ్‌సాగర్ అక్కడ ఆ మాట అడగలేదు. సత్యవ్వను వాళ్ల డాక్టరు దగ్గరికి పంపి, రక్తం పరీక్ష రాయించమన్నాడు. తీసిన రక్తం నమూనాతో లత మళ్లీ జగిత్యాల ల్యాబుకు స్కూటరు తిప్పింది.

ఆదివారం కోరుట్ల శిబిరం నిండిపోయింది. దళం నాయకుడు వెంకటి డప్పు పక్కన పెట్టి నిలబడ్డాడు. ముందు వరసలో శంకరవ్వ, రగ్గులో సత్యవ్వ. దూరంగా గుంజకు ఆనుకుని శాంత.

ప్రేమ్‌సాగర్ బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో నీళ్లు పోసి థైరాయిడ్ మాత్ర వేశాడు. రెండోదాంట్లో ఇసబ్గోల్ కలిపి ఇంకో మాత్ర వేశాడు.

"వెంకటన్నా, చాయ్ అందరికి ఒక్క గిన్నెల నుంచే పోస్తరు గదా?"

"అవ్ సార్."

"మరి సిందూరం సత్యవ్వ ఒక్కతికే ఎట్ల తలిగింది? సరే, ఇంట్ల పెట్టిందనుకుందాం. సిందూరంతోని గొంతు పోతదని మీ నమ్మకం. మరి గీ ఎండల చలి ఎందుకు పెడ్తున్నది? మొఖం ఎందుకు ఉబ్బింది? ఎంటికలు ఎందుకు రాలుతున్నయ్? కడుపు ఎందుకు బిగుసుకపోయింది?"

మొదటి గ్లాసులో మాత్ర అప్పటికే నీళ్లలో కరిగిపోయింది. ఆయన రెండో గ్లాసు బోర్లించాడు. చుక్క కూడా కారలేదు. గంజిలా గడ్డకట్టిన పొట్టులో మాత్ర ఇరుక్కుని కనిపించింది.

"కడుపులనూ కొంత గిట్లనే అయితది. ఇసబ్గోల్ విషం కాదు. మంచి వస్తువే. కని పక్కపొంటి ఏసుకున్న మందును ఒంటికి సరిగ పట్టనియ్యదు. థైరాయిడ్ గోలిని కాల్షియం ఇంకింత అడ్డం పడ్తది. సత్యవ్వ ఒక్క నాడు గోలి ఇడువలే. గోలే ఆమెకు చాలినంత అందలే. థైరాయిడ్ తగ్గితె గొంతు బొంగురువోతది, చలి పెడ్తది, కడుపు బిగుసుకుంటది. బిగుసుకుంటున్నదని ఇసబ్గోల్ పెంచింది. పెంచినకొద్ది మందు అందుడు తగ్గింది."

లత ల్యాబు కాగితం చదివింది. థైరాయిడ్ తగ్గేకొద్దీ పెరిగే టీఎస్‌హెచ్, నాలుగైదు దాటకూడని అంకె, అరవై దాటింది. డాక్టరు కూడా అదే మాట అన్నాడని చెప్పింది.

శాంత గుంజ వదిలేసి కూలబడింది. "అంటె నేనే సారూ! నేను తెచ్చిన పొట్టే!"

"నువ్వు తెచ్చినవు. శంకరవ్వ కాల్షియం తెచ్చింది. ఇద్దరు ప్రేమతోనే తెచ్చిండ్రు."

శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొక్క మాట" అన్నాడు ప్రేమ్‌సాగర్. "అసలు కడుపెందుకు కట్టింది? లతమ్మా, నువ్వు జెప్పు."

లత లేచి నిలబడింది. అంతమంది మగవాళ్ల వైపు తిరిగింది.

"నాలుగు నెల్ల సంది ఈ టెంటు కింద ఆడోల్లు పొద్దుందాక కూసుంటున్నరు. పాడుతున్నరు, వండుతున్నరు. వాళ్లు ఒంటికి, దొడ్డికి పోను ఏడ జాగ ఉన్నది వెంకటన్నా? ఎవ్వలన్న అడిగిండ్రా? లేదని నీళ్లు తాగుడే బంద్ జేసిండ్రు. సత్యవ్వ ఒక్కతే కాదు, అందరు. రోగం ఆన్నుంచే మొదలైంది."

వెనక వరసల్లో ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒక ముసలామె "నిజమే బిడ్డా" అంది పైకే. వెంకటి శాంత దగ్గరికి నడిచి వెళ్లి చేతులు జోడించాడు.

"తప్పయింది చెల్లే."

ఆ సాయంత్రానికే శిబిరం వెనక ఆడవాళ్లకు మరుగుగా తడకలు లేచాయి. వెంకటి స్వయంగా గుంత తవ్వాడు.

డాక్టరు సత్యవ్వకు కొత్త వేళలు రాసిచ్చాడు. పొద్దున లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర, నీళ్లతో మాత్రమే. కాల్షియం మధ్యాహ్నం బువ్వ తిన్నాక. ఇసబ్గోల్ పడుకునే ముందు, నిండు గ్లాసు నీళ్లతో. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. కోరుట్ల నుంచి ఎవరొచ్చినా లత మొదట అడిగేది ఆమె సంగతే. మేలో సత్యవ్వ రగ్గు తీసేసింది. జూన్‌లో తొలి వానకు, నారుమడి దగ్గర కూనిరాగం తీసిందని శాంత ఫోన్ చేసి ఏడ్చింది.

ఆగస్టులో సిరిసిల్లలో సభ జరిగింది. మగ్గాలన్నీ బందు. ప్రేమ్‌సాగర్, లత జనంలో నిలబడ్డారు. సత్యవ్వ వేదిక ఎక్కి మైకు ముందుకు వచ్చి ఒక్క చరణం ఎత్తుకుంది. అదే గొంతు. పదేళ్ల కిందటి ఆ సందు, ఆగిన మగ్గాలు, ప్రేమ్‌సాగర్ కళ్ల ముందు మెదిలాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చరణం ముగించి సత్యవ్వ మైకు తీసి శాంత చేతిలో పెట్టింది.

"నువ్వే పాడు."

"గొంతు మంచిగైంది గదవ్వా! నువ్వే పాడాలె."

"మంచిగైంది. కని మూడు నెల్లు నోరు మూసుకోని నిన్ను విన్న బిడ్డా. ఇన్నేండ్లు నా పాటల పడి నీ పాట విననే లేదు." సత్యవ్వ వెనక్కి జరిగి వంత పాడేవాళ్ల వరసలో, ఆ రోజు వంతకు వచ్చిన శంకరవ్వ పక్కన నిలబడింది. "ఎత్తుకో. నేను వంత పాడ్త."

శాంత ఎత్తుకుంది.