వెనక స్పీకర్లు

ప్రభాకర్‌ది పాటల పిచ్చి అనుకునేవాళ్ళు గానీ, నిజానికి అతనిది సౌండు పిచ్చి. బందరులో ఆఫీసు నుంచి ఇంటికి రాగానే చొక్కా అయినా విప్పకుండా స్టీరియో పెట్టేవాడు. పాట ఏదైనా సరే, తబలా ఎడం పక్కనుంచీ వేణువు కుడి పక్కనుంచీ వినిపించాలి. ఇంటికొచ్చిన చుట్టాన్ని కుర్చీతో సహా జరిపి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడ కూర్చుని వినండి" అనేవాడు. చుట్టం చేతిలో కాఫీ చల్లారిపోయేది. భార్య కృపాకుమారి ఈ తంతు చూసీ చూసీ, చల్లారిన కాఫీ మళ్ళీ వేడిచేసి తేవడం నేర్చుకుంది.

అంత చేసినా అతనికి ఒక లోటు ఉండిపోయింది. కిందటి క్రిస్మస్‌కి చర్చిలో కాయిరు బృందం పాడిన పాటల్ని తనే రెండు మైకులు పెట్టి రికార్డు చేశాడు. టేపు శుభ్రంగానే వచ్చింది. కానీ పాట ఎదురుగా గోడకి అతికించినట్టు ఉండేది తప్ప, చర్చిలో కూర్చుని విన్నట్టు ఉండేది కాదు.

గుడివాడలో రేడియో షాపు నడిపే స్నేహితుడు చిన్నబాబు దానికి ఉపాయం చెప్పాడు.

"వెనక ఇంకో రెండు స్పీకర్లు పెట్టు బావా. వేరే ఆంప్లిఫయరు కూడా అక్కర్లేదు, ఉన్నదానికే నేను చెప్పినట్టు తీగలు కలుపు. పాట ముందు నుంచే వస్తది. వెనక నుంచి మాత్రం పాట చుట్టూ ఉన్నదొస్తది. గోడల మోత, జనం దగ్గులు, బయట చప్పుళ్ళు... టేపులో పడి, పాట కింద మునిగిపోయిందంతా వెనక తేలుద్ది."

ప్రభాకర్ సంతోషం పట్టలేకపోయాడు. ఎందుకంటే ఆ ఆదివారమే అతని మేనత్త మార్తమ్మ జ్ఞాపకార్థ కూడిక. ఆమె పోయి నెల తిరిగింది. పాస్టరు గారూ సంఘంలో పెద్దలూ ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, భోంచేసి వెళ్తారు. వాళ్ళందరికీ ఆ టేపు నాలుగు స్పీకర్లలో వినిపించి, చర్చిని ఇంట్లోకి తెచ్చాడనిపించుకోవాలని అతని కోరిక.

మార్తమ్మ భర్త పోయాక పామర్రు దగ్గర పల్లె నుంచి వచ్చి వీళ్ళింట్లోనే ఉండిపోయింది. ప్రభాకర్‌ని చిన్నప్పుడు చంకన వేసుకుని పెంచిన మనిషి. ఆమెకి పాటంటే ప్రాణం. గొంతు మాత్రం జీర, పైగా పెద్దది. అందరూ చరణం ముగించాక కూడా ఆమె ఒక్కతే ఇంకా సాగదీస్తూ ఉండేది. సంఘానికి అది అలవాటైపోయింది. ఆమె ముగించేదాకా ఆగి పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టేవారు.

రికార్డింగు నాటి సాయంత్రం ప్రభాకర్ అలా ఆమె కోసం ఆగదలుచుకోలేదు. ఆమెను చర్చి గుమ్మం బయటికి తీసుకెళ్ళాడు.

"అత్తా, చెప్పులు పోతున్నాయంటున్నారు. టేపు అయ్యేదాకా నువ్విక్కడ కూచో. పాడకు మరి, ఆ మైకులు దూరం నుంచి కూడా లాగేస్తాయి."

"పండగ పూట పాడకుండా ఎట్టా అబ్బాయ్?"

"అయిపోగానే నేనే వచ్చి చెప్తాగా. అప్పుడు పాడుదువు గాని."

"సరే అబ్బాయ్," అని మార్తమ్మ మెట్టు మీద కూర్చుంది.

ప్రభాకర్ వచ్చి చెప్పలేదు. టేపు బాగా కుదిరిందన్న సంబరంలో సామానంతా పక్క తలుపు నుంచి రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయాడు. కృప వెతుక్కుంటూ వెళ్ళేసరికి చర్చికి తాళం వేసి ఉంది. మెట్టు దగ్గర ఒక్క చెప్పు కూడా లేదు. మార్తమ్మ మాత్రం మంచులో అక్కడే కూర్చుని ఉంది. "అబ్బాయి చెప్తానన్నాడమ్మా," అందట. ఏం చెప్తానన్నాడని కృప అడిగితే ఆమె చెప్పలేదు. ప్రభాకర్ కూడా చెప్పలేదు. ఎలా చెప్తాడు, సిగ్గేసింది. ఆ రోజు పట్టిన దగ్గు వానాకాలం వచ్చినా ఆమెను వదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. మంగినపూడి వైపు నుంచి ఉప్పుగాలి తడి మట్టి వాసన మోసుకొస్తోంది. వీధి గుమ్మానికి అటూ ఇటూ వెనక స్పీకర్లు బిగించి, ప్రభాకర్ టేపు పెట్టాడు. చిన్నబాబు అన్నట్టే అయింది. ముందు నుంచి పాట. వెనక నుంచి చర్చి. ఎవరో దగ్గారు. ఒక పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. గోడల మీది నుంచి పాట మెత్తగా తిరిగొస్తోంది. ప్రభాకర్ ఒళ్ళు పులకరించింది.

అప్పుడు వినిపించింది. టప్... టప్... చెప్పుల జత ఒకదానికొకటి కొట్టి దుమ్ము దులుపుతున్న చప్పుడు. కాసేపాగి మళ్ళీ... టప్... టప్. అందరి చెప్పులూ దులిపి, జతలు జతలుగా సర్దుతోంది మార్తమ్మ. చలిలో కూర్చుని, పాడకుండా, అతను చెప్పిన పని చేస్తోంది.

ప్రభాకర్ చెవులు వేడెక్కాయి. వెనక తీగలు పీకేద్దామని లేచాడు. కానీ నాలుగు స్పీకర్లని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ టపటపలు ఏమిటో ఎవరికి తెలుస్తుంది లెమ్మని సర్దిచెప్పుకుని, తీగలు అలాగే ఉంచేశాడు.

దీపాలు పెట్టే వేళకి అంతా వచ్చారు. చెప్పులు మెట్ల దగ్గర ఇష్టమొచ్చినట్టు వదిలి, చాపల మీద సర్దుకున్నారు. వంటింట్లోంచి మసాలా వాసన, బయట వాన చప్పుడు. ప్రార్థన అయ్యాక ప్రభాకర్ టేపు పెట్టి, వెనగ్గా గుమ్మం పక్కన స్పీకరుకి ఆనుకుని కూర్చున్నాడు.

మొదటి చరణం ముగిసింది. కాయిరు ఆగింది.

వెనక నుంచి ఒక గొంతు ఇంకా సాగుతోంది... జీరగా... పెద్దగా...

చాపల మీద వాళ్ళంతా ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగారు.

"మార్తమ్మగారు!" పాస్టరు గారి భార్య కనకరత్నం గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత బాగా పట్టావయ్యా ప్రభాకర్! ఆవిడ ఇక్కడే ఉన్నట్టుంది."

మధ్యాహ్నం ప్రభాకర్ విన్నప్పుడు టేపులో ఈ గొంతు లేదు. మార్తమ్మ ఆ రోజు పాడలేదు. ఆమె పాడని పాట టేపులో ఎలా ఉంటుంది? ఆ మాట ఇప్పుడంటే, ఎందుకు పాడలేదో కూడా చెప్పాలి. అందరూ తనకేసే చూస్తున్నారు.

"అవునండీ," అన్నాడు. "అత్త కోసమే వెనక ప్రత్యేకంగా మైకు పెట్టానండీ."

కృప వంటింటి గుమ్మంలోంచి అతన్ని చూసింది.

కరెంటు పోయింది.

పాట ఠక్కున ఆగింది. చీకటి. ఎవరో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నారు. అతని చెవి పక్కన స్పీకరు... కరెంటు లేని స్పీకరు... సన్నగా ఊపిరి తీసుకుంది.

"అబ్బాయ్..."

ప్రభాకర్ చటుక్కున స్పీకరు వైపు తిరిగాడు.

"అయిపోయిందా? ఇప్పుడు పాడొచ్చా?"

ఒక్క మాట. అయిపోయిందత్తా, పాడు... అంటే చాలు. కానీ చాపల మీద అంతమంది ఉన్నారు. వింటారు. అడుగుతారు. ప్రభాకర్ స్పీకరు గుడ్డకి పెదవులు ఆనించాడు.

"ఇంకా లేదత్తా... ఆగు..."

స్పీకరు గుడ్డ అతని పెదవుల కింద సన్నగా అదిరింది.

"సరే అబ్బాయ్."

అంతే. కరెంటు వచ్చాక టేపు పాడింది. వెనక నుంచి ఇంక దగ్గు కూడా రాలేదు. భోజనాలయ్యాయి. వెళ్తూ వెళ్తూ పాస్టరు గారు మెట్ల దగ్గర ఆగిపోయారు. చెప్పులన్నీ జతలు జతలుగా, తొడుక్కోవడానికి వీలుగా వీధి వైపు తిప్పి వరసగా ఉన్నాయి. బురదలో నడిచొచ్చిన చెప్పులకి మట్టి లేదు.

"ఎంత పద్ధతమ్మా నీది!" అన్నారాయన కృపతో. కృప చెప్పుల వరస వంక చూసింది. ఆమె సాయంత్రం నుంచీ మెట్ల వైపే రాలేదు.

అందరూ వెళ్ళిపోయారు. ప్రభాకర్ ఒక్కడే మెట్టు మీదికి వచ్చాడు. జల్లు కొట్టి మెట్టంతా తడిసిపోయింది. ఒక పక్కన మాత్రం మనిషి కూర్చునేంత జాగా పొడిగా ఉంది. వంగి దాని మీద చెయ్యి పెట్టాడు. గచ్చు వెచ్చగా ఉంది.

"అత్తా..." అని మెల్లగా పిలిచాడు. "అత్తా, అయి..."

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" లోపలి నుంచి కృప అడిగింది.

ప్రభాకర్ చటుక్కున చెయ్యి తీసేశాడు.

"ఎవరితోనూ లేదు," అన్నాడు.

జల్లు మళ్ళీ గట్టిగా కొట్టింది. అతని చొక్కా తడిసింది, గుమ్మం తడిసింది, మెట్టు మీద నీళ్ళు నిలిచాయి. ఆ జాగా మాత్రం తడవలేదు.