కొత్తిమీర ముడి

కాకినాడ బస్సులో రిత్విక్ పక్కసీటు ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూ మాట్లాడుతూ, “ముడి. చిన్నదాని సీమంతం” అని గొంతు తగ్గించి, మళ్లీ కబుర్లలో పడింది. ముందు సీటులో ఒకాయన “ముడి. కుళాయి రిపేరు” అన్నాడు. బస్సులో ఎవరూ తలెత్తలేదు. ఈ కాలంలో మనిషి తుమ్మితే తిరిగి చూస్తారు గాని ముడి వేస్తే చూడరు.

చెవిపూస పెట్టుకున్న మనిషి విన్నదీ అన్నదీ అంతా ఒకే నిత్యపత్రంలో అక్షరాలుగా చేరుతూ ఉంటుంది. ఆ అక్షరాల అడుగున గొంతులు కూడా భద్రంగా ఉంటాయి. కాలవ లాకు సూపరింటెండెంటుగా రిటైరైన రిత్విక్ పత్రం ఆ ఉదయానికి ఇరవైమూడు లక్షల పుటలు. దాన్ని మొదటినుంచి చదవాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అందుకే ముడులు వచ్చాయి. కొంగుకు ముడి వేసుకున్నట్టు, కావలసిన చోట ఒక పేరు చెప్పి ముడి వేస్తే, తర్వాత ఆ పేరు పలకగానే పత్రం సరిగ్గా ఆ వాక్యం దగ్గర తెరుచుకుంటుంది. ముడి లేని మాట ఉన్నా లేనట్టే.

రిత్విక్ భార్య శ్రావ్యకు రెండు నెలల క్రితం గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గాని మాట పోయింది. మర్నాడు ఆమె మెడకు కంఠపట్టీ కట్టబోతున్నారు. పెదవుల కదలికను బట్టి ఆ పట్టీ మాట్లాడుతుంది. ఆమె పాత గొంతును గంటసేపైనా దానికి వినిపిస్తే ఆ గొంతుతోనే మాట్లాడుతుంది. లేకపోతే ఫ్యాక్టరీ గొంతు పెడతారు. శ్రావ్య ఏనాడూ చెవిపూస పెట్టుకోలేదు. “నేనన్న మాటలు నాకు తెలుసు, రాసుకోడానికి అదెవరు?” అనేది. ఆమె గొంతు ఇక మిగిలింది భర్త పత్రంలోనే. సాయంత్రంలోగా అది దొరకాలి.

పత్రాల్లో పాత మాటలు వెతికిపెట్టే ముడిశాలలో అతని పని చూసే అమ్మాయి పేరు నస్రీన్. “పిన్నిగారి పేరేంటి బాబాయ్?” అని అడిగింది.

“శ్రావ్యమ్మా.”

పత్రం ఏమీ చూపించలేదు. సొంతదారు పిలిచే పిలుపుతోనే అది మనుషులను పోల్చుకుంటుంది. చెవిపూస లేనివారి గొంతును యంత్రం వెతకకూడదని చట్టం కూడా ఉంది.

“మీరు పేరుతో పిలవరా?”

రిత్విక్ మొహమాటంగా నవ్వాడు. “మా అమ్మ పేరూ అదేనమ్మా. పెళ్లయిన కొత్తలో ఓసారి కేకేస్తే ఇద్దరూ పలికేరు. అమ్మ పేరెట్టి పెళ్లాన్ని పిలవడానికి మళ్లీ నోరు రాలేదు. ‘ఇదిగో’ అంటాను.”

“ఇదిగో” అని వెతికితే నాలుగు లక్షల ఎనభై వేల చోట్లు వచ్చాయి. లాకు మీద పనివాళ్లనూ, పడవవాళ్లనూ, గోడెక్కిన పిల్లినీ కూడా అతడు అలాగే పిలిచాడు.

నస్రీన్ ముడుల పట్టిక తెరిచింది. ఏడో లాకు తలుపు. వరదమట్టం. ఇంజనీరుగారి తనిఖీ. అన్నీ నీళ్ల గొడవలే. పెళ్లికి ముడి లేదు. కూతురు పుట్టిన రోజుకూ లేదు.

“అవి మర్చిపోతానా అనుకున్నానమ్మా” అన్నాడు రిత్విక్. సిగ్గుతో అతనికి తలెత్తబుద్ధి కాలేదు. ముప్పయ్యేళ్లు కాలవ నీటికి అంగుళం తేడా రాకుండా లెక్క చెప్పిన మనిషి, ఇంటిమనిషి మాట ఒక్కటి ఎక్కడుందో చెప్పలేకపోయాడు.

“ఈ విప్పేసిన ముడులేంటి బాబాయ్? రెండు వేల పైన ఉన్నాయి.”

“అయ్యో, అవి చూడకమ్మా! బజారు సరుకులు. మర్చిపోతే ఇంట్లో ఊరుకోదు. అందుకని ముడేసుకుని, తెచ్చాక విప్పేసేవోణ్ణి.”

“ముడి విప్పితే గుర్తే పోతది గాని మాట పోదు కదండీ” అంటూ నస్రీన్ పాత జాబితాలోంచి ఒకదాన్ని పట్టి లాగింది. కొత్తిమీర.

గదిలో శ్రావ్య గొంతు పలికింది. “కొత్తిమీర తాజాది చూసి తెండి. నిన్నటిది పశువులు కూడా ముట్టవు. అమ్ముకునేవాడు నవ్వితే చాలు, ఏదిచ్చినా తెచ్చేస్తారు!”

రెండు నెలల తర్వాత ఆ తిట్టు విని రిత్విక్ బావురుమన్నాడు. నస్రీన్ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, పని ఆపకుండా ఒక్కొక్క ముడినే తెరుస్తూ పోయింది. అమ్మ కాళ్ల మందు. చంటిదాని బూట్లు. నా గొడుగు. ఎదురింటివాళ్లకు పెరుగుతోడు. సాయంత్రానికి గంటా పన్నెండు నిమిషాల గొంతు పోగైంది.

“అన్నీ పురమాయింపులే బాబాయ్. పట్టీకి కూడా ఆ ధోరణే వస్తది మరి” అంది నస్రీన్. జాబితా మూసేస్తూ, “పిన్నిగారు తనకోసం ఏదైనా తెమ్మన్న ముడి మాత్రం ఒక్కటీ తగల్లేదు” అంది.

“ఉంటదిలేమ్మా, ఎక్కడో” అన్నాడు రిత్విక్. బస్సులో ఇంటిదాకా ఆలోచించాడు. ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే నర్సు శ్రావ్య మెడకు పట్టీ కట్టి, ఏదైనా మాట్లాడమంది. శ్రావ్య భర్తవైపు ఒక్క క్షణం చూసి పెదవులు కదిపింది.

“నాకో పుల్లైసు తెచ్చిపెట్టండి.”

గొంతు ఆమెదే. కాని ఆ గొంతు నేర్చుకున్నది పురమాయించడం ఒక్కటే. పదిసార్లు చెప్పి విసిగిపోయిన మనిషి పదకొండోసారి చెప్పినట్టు పలికింది. నర్సు ఫక్కున నవ్వింది. తన గొంతు తనకే వినిపించి శ్రావ్య కూడా ఉలిక్కిపడింది.

రిత్విక్‌కు నవ్వు రాలేదు. “ఎన్నిసార్లో చెప్పినట్టు కసురుతున్నావు. నలభయ్యేళ్లలో నీకోసం ఒక్కసారైనా అడిగేవా?”

శ్రావ్య కళ్లు తుడుచుకుంది. పట్టీకి మాత్రం జాలీ దయా తెలియవు.

“ఇప్పుడడిగాను గదా, నిలబడిపోయారేం? సేమ్యాది తెండి.” అతడు గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్లీ వినిపించింది. “రెండు తెండి. రెండూ నాకే!”