అన్న పేరు మీద మెడికల్ కార్డు

మొగుడి డ్యూటీ బట్టలు దండెం మీద వేసి బాలలక్ష్మి గడప మీద కూలబడింది. నెలాఖరుకు రిటైరై గని నుంచి దిగిపోయే మనిషికి ఇంకా ఈ ఉతుకుడేందని ముత్యం ఎంత చెప్పినా వినదు. రెండు అంగీలు దులిపేసరికే ఆమెకు ఊపిరి అందడం లేదు.

"బరువు పనులు చెయ్యొద్దని డాక్టర్ చెప్పలేదా అవ్వా!" మంచిర్యాల నుంచి పొద్దుటి బస్సుకే వచ్చిన బిడ్డ వనజ బకెట్ లాక్కుంది. ఆపైన తండ్రి వైపు తిరిగింది. "బాపూ, లేచి తయారుకా. మెడికల్ కార్డుకు మీ ఇద్దరి జంట ఫోటో కావాలంట. ఆధార్ కార్డులతోని ఆఫీసుల ఇయ్యాలె. కట్టాల్సిన పైసలు నీకొచ్చేదాంట్లకెళ్లి కోసుకుంటరట. దిగకముందే రాయించుకుంటే అయిపోతది. దిగినంకనంటే చెప్పులరిగేదాకా తిరగాలె."

ముత్యం చాయ్ గ్లాసులోకే చూస్తూ "నేను రాను" అన్నాడు.

శ్రీరాంపూర్ గనిలో ఆయన పేరు కొమురెల్లి. అది అన్న పేరు. నౌకరీ కాగితం వచ్చేనాటికి అన్న దుబాయిలో ఉన్నాడు. ఇంటికొచ్చిన నౌకరీ ఎందుకు పోగొట్టుకోవాలని తండ్రి అదే పేరుతో తమ్ముణ్ణి గనిలో దింపాడు. అప్పట్లో అట్లా మారుపేర్ల మీద దిగినవాళ్లు ఆయనొక్కడే కాదు. హాజరు కొమురెల్లి, జీతం కొమురెల్లి, ఆఖరికి ఆధార్ కూడా కొమురెల్లే. దుబాయి నుంచి అన్న శవం సొంతూరు మెట్‌పల్లికి వచ్చిననాడు చుట్టాలంతా "కొమురెల్లీ" అని ఏడుస్తుంటే, తన చావు తానే విన్నట్టయింది. ముత్యమని పిలిచే నోరు తల్లిదొక్కటే. అదీ మూతబడింది. బాలలక్ష్మికి మొగుడి పేరు పలికే అలవాటు లేదు. ఎవరడిగినా "వనజోళ్ల బాపు" అంటుంది.

"దిగినంక ఆధార్ల ముత్యమని మార్పించుకుంట. గా ఒక్క ఆశ మీదనే ఇన్నేండ్లు లోపలికి దిగిన."

"మార్పించుకో! కార్డు కొమురెల్లి పెండ్లాంకు ఇస్తరుగని ముత్యం పెండ్లాంకు ఇస్తరా? అవ్వ గుండె ఆపరేషన్‌కు కరీంనగర్ దవఖాన్ల ఏం చూపిస్తవ్, నీ పౌరుషమా?"

గ్లాసు టక్కున కింద పెట్టాడు. "బొగ్గుల బతుకంత పోసిన. పేరన్న నాకు ఉంచుండ్రే! రేపు నేను సచ్చినంక పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు ఎవల పేరు తీస్తవ్? కొమురెల్లికి ఏటేటా ఇస్తనే ఉన్నం గదా!"

వనజ మళ్లా ఏదో అనబోయింది.

"ఊకో బిడ్డా" అంది బాలలక్ష్మి గోడ పట్టుకుని లేస్తూ. "నాకు కార్డొద్దు. ఆయన పేరు ఆయనకు ఉండనియ్. ఉన్నన్ని దినాలు ఉంట."

అంత మాటకే ఆమె గుండె ఎగసిపడుతోంది. ముత్యం కాసేపు ఆమెనే చూశాడు. గనిలో గాలి ఆడని చోట మనిషి ఎట్లా ఎగపోస్తాడో ఆయనకు తెలుసు. లేచి, దండెం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"నడువుండ్రి" అన్నాడు.

స్టూడియోలో కుర్రాడు కవరు మీద రాయడానికి పేరడిగాడు. "కొమురెల్లి" అన్నాడు ముత్యం. ఇద్దరూ స్టూళ్ల మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు.

"పెద్దమనిషీ, జర ఇటు చూడు. నవ్వు."

అప్పుడు బాలలక్ష్మి కొంగు సర్దుకుంటున్నట్టుగా వంగి, ఆయనకొక్కడికే వినబడేటట్టు, చిన్నపిల్ల కొత్త అక్షరం పలికినట్టు అంది: "ముత్యం."

ఆయన చటుక్కున ఆమె వైపు తిరిగాడు. లైటు వెలిగింది.

"అరె, కదిలినవ్ గదా పెద్దమనిషీ!" కుర్రాడు విసుక్కున్నాడు. "గట్ల కండ్లు తుడుచుకుంటే ఫోటో ఎట్ల వస్తది?"

తలుపు దగ్గర వనజకు సంగతేందో అర్థం కాలేదు. బాలలక్ష్మి సిగ్గుతో తల దించుకుంది.

"ఆగు తమ్మీ" అన్నాడు ముత్యం. పెళ్లాం చెయ్యి పట్టుకుని, "ఇంకోపారి అనవే" అన్నాడు.