తేనెకొండ గుహలో చిన్న తుపాకీ

ఆత్మకూరు సంతలో తేనె బేరమాడుతూ మద్దిలేటి ఉన్నట్టుండి ఆగిపోయాడు. తేనె అమ్ముతున్న చెంచు ఈదన్న పక్కన అతని మనవరాలు కూర్చుని ఉంది. పిల్ల మెడలో పూసల దండ. ఎర్రపూస, నల్లపూస, వాటి మధ్య చిటికెనవేలి సగమంత ఇత్తడి గొట్టాలు. పట్టాళంలో హవల్దారుగా చేసి దిగినవాడికి అవేమిటో ఒకరు చెప్పనక్కరలేదు. చిన్న రైఫిలు తూటాలవి. ఒక్కటీ పేలినది కాదు.

"ఓరి నీ పాసుగూల! పసిదాని మెడలో తూటాలు కడ్తారా ఎవరైనా? యాడివి ఇవి?"

"తేనెకొండ గుహలోవి సామీ," అన్నాడు ఈదన్న, ఏదో ఉసిరికాయల సంగతి చెప్పినట్టు. "మా పెద్దోడు తేనెకు దిగినప్పుడు తెచ్చినాడు. దొర తుపాకుల పెట్టె ఉండాది ఆడ. తుపాకులు మేం ముట్టుకోలేదు. ముట్టుకుంటే పోలీసోల్లొస్తారు."

మద్దిలేటి గాజుపూసల దండ ఒకటి కొని పిల్ల మెడలో వేసి, తూటాల దండ విప్పి జేబులో పెట్టుకున్నాడు. జేబును పైనుంచి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. భయంతో కాదు. ఆశ పుడితే ఆ వయసులో మనిషి అలాగే చేస్తాడు మరి.

ఆశ దేనికంటే, కూతురు తులశికి. చైనా యుద్ధం తరువాత ఊరూరా రైఫిల్ క్లబ్బులు పెట్టిన రోజులవి. ఆత్మకూరు క్లబ్బుకీ ఒక చిన్న రైఫిలు ఇచ్చారు. నేర్పేవాడు మద్దిలేటి, నేర్చుకున్నవాళ్ళలో గురి కుదిరింది తులశికి. దసరా వెళ్ళాక హైదరాబాదులో పోటీ. అంతలో క్లబ్బు రైఫిలు గొట్టం ఉబ్బి పనికిరాకుండా పోయింది. పోటీకి ఎవరి తుపాకీ వాళ్ళే తెచ్చుకోవాలి. కొత్తదాని ధర విన్న రోజు మద్దిలేటి ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. "పోనీలే నాయనా," అంది తులశి. ఆ మాటే అతన్ని ఎక్కువగా కోసింది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు తండ్రి తెచ్చి ఇచ్చిందల్లా 'పోనీలే' అనే మాటే.

తుపాకుల పెట్టె కథ అతనూ విన్నదే. కృష్ణానదికి అవతలి దొర ఒకాయన, పోలీసు చర్య జరిగిన ఏడాది, తన తుపాకులను నల్లమలలో దాయించి కన్నుమూశాడు. ఆయన మనవడు కర్నూల్లో ఉన్నాడు. తాతగారి వెండిపని తుపాకీ తెచ్చినవాడికి పెద్ద ఇనాం ఇస్తాననీ, తక్కినవి తెచ్చినవాళ్ళే స్టేషనులో రాయించుకుని ఉంచుకోవచ్చనీ సంతల్లో చెప్పించాడు. చాలామంది వెతికారు. వెతికి వెతికి జ్వరాలు తెచ్చుకున్నారు.

"చూపిస్తా రా," అన్నాడు ఈదన్న. "కాకపోతే కొండకు తాడేసుకోని దిగాల. నీ బామ్మర్దిని తోడుకొని రా."

"ఆ సుంకన్నగానా? వానితో నాకు మాటల్లేవు."

"మాటలు యాల? తాడు పట్టుకునేది వాడే. మాలో తేనెకు దిగేటోని తాడు పెండ్లాం తమ్ముడే పట్టుకుంటాడు. తోడబుట్టిన అన్నదమ్ముడైనా ఇడుస్తాడేమో గానీ, అక్క తాళి తెంపుకునేటోడు ఉంటాడా?"

మద్దిలేటి తల గోక్కున్నాడు. సుంకన్న సంగతి ఈదన్నకేం తెలుసు? 'మా అక్కను ఈ చాతగానోనికి ఇచ్చి గొంతు కోసినాం' అని నలుగురిలో అన్నవాడతను. అయినా భార్య రంగమ్మ వెళ్ళి తమ్ముణ్ణి బతిమాలింది. సుంకన్న వచ్చాడు. వెండి తుపాకీ తనకు, చిన్నాచితకా బావకు అని ముందే తెగేసి చెప్పి మరీ వచ్చాడు.

ముగ్గురూ అడవిలో పడ్డారు. అబ్బ, ఏం అడవి! వెదురు పొదలు చొక్కాలు పట్టి లాగుతున్నాయి. కిందికి దిగిన ప్రతి లోయకూ మళ్ళీ ఎక్కడానికో గుట్ట సిద్ధంగా ఉంది. బోదకాలు వాడిలా మద్దిలేటి ఎడమకాలు ఈడుస్తున్నాడు. మోకాలు పట్టేసింది. సుంకన్న వెనకనుంచి గొణుగుతూనే ఉన్నాడు. పుట్ట తవ్వుతున్న ఎలుగుబంటి కనబడి ఈదన్న చెయ్యెత్తి ఆపితే, ప్రాణభయం పక్కనపెట్టి ఇద్దరూ హమ్మయ్య అని కూలబడ్డారు. ఎలుగు పోయినా కాసేపు లేవలేదు.

తేనెకొండ కొస చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది. కింద లోయ. కొండ చరియకు చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి. నల్లగా కదులుతున్నాయి. వాటికి పక్కగా, కింద, గుహ నోరు.

ఈదన్న నారతాడును చెట్టు మొద్దుకు ఒక చుట్టు తిప్పి కొస సుంకన్న చేతికిచ్చాడు. ఉన్న ఒక్క కంబళీ దిగేవాడికి కప్పాడు. "సప్పుడు జెయ్యొద్దు. చుట్ట ముట్టియ్యొద్దు. నేను వాగులో నీల్లు తెస్తా. గొంతెండి సస్తాండారు ఇద్దరూ." అని దిగిపోయాడు.

మద్దిలేటి తాడు నడుముకు బిగించుకుని అంచు దాటాడు. కాళ్ళు రాతికి తన్నిపెట్టి మెల్లగా జారాడు. చెవి పక్కనే తేనెటీగల హోరు. కిందికి చూడకూడదనుకుంటూనే చూశాడు. గుహ అంచు కాలికి తగలగానే బోర్లాపడి ఒక్క నిమిషం అలాగే ఉండిపోయాడు. లేవాలనిపించలేదు. నిజం చెప్పాలంటే ఇంకెప్పుడూ లేవాలనిపించలేదు.

పెట్టె ఉంది! గబ్బిలాల పెంట కింద సగం పూడిపోయి ఉంది. మూత పెళ్ళగిస్తే మైనపు గుడ్డల్లో చుట్టిన మూడు తుపాకులు. ఒకటి జంట గొట్టాల వేట తుపాకీ, తుప్పు తినేసింది. రెండోది పెద్ద రైఫిలు. భుజానికి ఆనే కర్రమడమ నిండా వెండి లతలు, వెండి పులి. మూడోది ఏ అలంకారమూ లేని చిన్న రైఫిలు.

మద్దిలేటి చిన్నదాన్ని ఎత్తి చూశాడు. దూదిలా లేచింది. మడమ పొట్టి, తులశి భుజానికి అతికినట్టు సరిపోతుంది. రంగమ్మ కూడా పట్టుకోగలదు, వేరుశనగ చేలో పందుల మీద కాల్చినా భుజం తన్నదు. ఇంటి వెనక సాధన చేసుకుంటే పక్కింటి గేదె కూడా బెదరదు. పెద్దదాని తూటా ఒక్కటి కొనే డబ్బుకు దీని తూటాలు దోసెడు వస్తాయి. ఎద్దును కొనడం ఒక ఎత్తు, దానికి మేత వెయ్యడం ఒక ఎత్తు. తుపాకీ సంగతీ అంతే. తన పింఛనులో మేత వెయ్యగలిగింది ఇదే.

"బావా!" పైనుంచి గొంతు తగ్గించి అరిచాడు సుంకన్న. "వెండిది ఉండాదా?"

"ఉండాది."

"అదే తే! ఇనాంతో నీ బిడ్డకు కొత్తది కొనీవచ్చు గదప్పా! ఎర్రోడా, ఆలోచిస్తావేంది?"

మద్దిలేటి ఆలోచించాడు. దొరల ఇనాం చేతికొచ్చేలోగా పిల్ల తల నెరుస్తుందని తెలుసు. అయినా కొత్త రైఫిలు! నిగనిగలాడే కొత్త రైఫిలు తులశి చేతిలో! పాడు ఆశ. చిన్నదాన్ని కింద పెట్టి పెద్దదాన్ని వీపుకు కట్టబోయాడు. కట్టేముందు పట్టాళపు అలవాటు చెయ్యి పట్టి ఆపింది. ఖాళీ అని తేల్చుకోకుండా తుపాకీ మొయ్యకూడదు. బోల్టు లాగాడు. మైనం గడ్డకట్టి కదల్లేదు. మళ్ళీ లాగేందుకు చేతుల్లో సత్తువ లేదు. ఇన్నేళ్ళ తుపాకీలో ఏముంటుంది లెమ్మని గొట్టం బయటికి తిప్పి ట్రిగ్గరు నొక్కాడు.

ధన్‌మని లోయంతా పగిలింది!

హోరు ఒక్క క్షణం ఆగి, అంతలోనే పది రెట్లయింది. గుహ నోటికి నల్లటి తెర పడినట్టు తేనెటీగలు లేచాయి. మద్దిలేటి కంబళి ముసుగేసుకున్నాడు. పైనుంచి సుంకన్న కేక.

"అమ్మో! బావా, బిరీన రా! సంపుతాండాయి!"

వాగులోంచి ఈదన్న అరుస్తున్నాడు: "చేతులూపొద్దు! తాడిడవొద్దు! పొగ తెస్తాండా!"

పెద్ద రైఫిలు గబగబా వీపుకెక్కింది. మద్దిలేటి అంచు మీద నిలబడి రాతికి కాలు పెట్టాడు. బరువుకు వెనక్కి తూలాడు. తాడు జానెడు జారింది. సుంకన్న చేతులు రాసుకుపోయి ఉంటాయి! మద్దిలేటి మళ్ళీ గుహలోకే పడి, తుపాకీ ముడి విప్పి, వెండి పులిని పెంటలోకి విసిరేశాడు. ఉత్త చేతులతో పోదామా? 'పోనీలే నాయనా' అనే మాట మరోసారి వినే ఓపిక ఇక లేదు. చిన్నదాన్ని వీపుకు బిగించాడు.

"లాగు సుంకన్నా! లాగరా నాయనా!"

చేతులు, మోకాళ్ళు, గోళ్ళు, ఏది దొరికితే దానితో పాకాడు. కంబళి సందుల్లోంచి ఈగలు మెడలో, చంకలో కుట్టాయి. నొప్పి తెలియడం మానేసింది. తాడు మాత్రం ఆగుతూ, వణుకుతూ, పైకి పోతూనే ఉంది. సుంకన్న ఇప్పుడు అరవడం లేదు. చివరికి అంచు మీద గడ్డి చేతికి తగిలింది. పైకి దొర్లాడు.

సుంకన్న చెట్టు మొద్దుకు కాళ్ళు తన్నిపెట్టి కూర్చునే ఉన్నాడు. తాడు ముంజేతికి చుట్టుకుని ఉంది. ముఖమంతా ఈగలే. మద్దిలేటి అతని మీద పడి కంబళి ఇద్దరికీ కప్పాడు. ఈదన్న పచ్చాకు మండతో పొగ లేపుకుంటూ వచ్చి, ఇద్దరినీ ఈడ్చుకుపోయి వాగులో పడేశాడు.

ఈగలు సద్దుమణిగాక ఒడ్డున పడి ఉన్నారు. సుంకన్న ముఖం కుమ్మరి చేతిలోంచి జారిన కుండలా ఉంది. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. అరచేతుల్లో తోలు లేదు. ఈదన్న ఆకుపసరు నూరుతుంటే మద్దిలేటి గోటితో ఒక్కొక్క ముల్లూ తీస్తున్నాడు.

"ఏది తెచ్చినావు బావా?" అన్నాడు సుంకన్న, పెదాలు కదలక.

మద్దిలేటి చిన్న రైఫిలు అతని ఒళ్ళో పెట్టాడు. సుంకన్న మణికట్టుతో తడిమి చూశాడు.

"ఇదేంది, చీపురుకట్ట మాదిరుండాది. కొండ తవ్వి ఎలకను పడ్తివే! వెండిది?"

"మొదట అదే కట్టుకుంటి. తాడు జారింది. ఆన్నే పారేసి వస్తి."

సుంకన్న రైఫిలును మణికట్టుతో పక్కకు నెట్టాడు.

"తాడు జారలేదు బావా," అన్నాడు. "నేనే ఇడిస్తి. కంట్లో కుట్టింది. పోతేపోనీ అనుకుంటి. నువ్వు ఎనక్కి పోయినావో ఏమో, తాడు తేలికయ్యింది. అప్పుడు మల్ల పట్టుకుంటి. తేలిగ్గుండె కాబట్టి పట్టుకుంటి." తోలూడిన అరచేతులు ముందుకు చాపాడు. "నేనడిగిందే తెచ్చింటే నా చేతులతోనే మా అక్క తాళి తెంచేటోన్ని."

మద్దిలేటికి కోపం రావాలి. రాలేదు. కోపగించుకోవడానికి కూడా ఒంట్లో కొంత బలం ఉండాలి. అతను సుంకన్న కనురెప్ప మీద మిగిలిన ముల్లు తీసి, నీళ్ళతో తుడిచాడు.

"పట్టుకున్నావు గదరా," అన్నాడు. "లెయ్. పొద్దుగుంకక ముందే అడవి దాటాల."

"కండ్లు కనపడవే, ఎట్ల నడిచేది?"

మద్దిలేటి ఈసారి బోల్టును కట్టెతో తట్టి తట్టి ఊడబెరికి, గొట్టంలో వెలుతురు చూసి, ఖాళీ అని రెండుసార్లు తేల్చుకున్నాడు. రైఫిలు మడమ సుంకన్న చంకలో ఇరికించి, గొట్టం కొస తాను పట్టుకున్నాడు. స్టేషనులో చూపించాలి, తాలూకాఫీసు చుట్టూ తిరగాలి, చెప్పులు అరగాలి. అదంతా రేపటి మాట.

ఈదన్న ముందు, వెనక మద్దిలేటి, ఆ వెనక తుపాకీ మడమ చంకన పెట్టుకుని గుడ్డివాడిలా సుంకన్న. రాయి వస్తే "రాయి" అని, గుంత వస్తే "గుంత" అని చెబుతూ మద్దిలేటి బావమరిదిని ఇంటిదాకా నడిపించుకు వచ్చాడు. గుమ్మంలో తులశి తుపాకీని చూసింది, మేనమామ ముఖం చూసింది. ముందు మేనమామ దగ్గరికే పరుగెత్తింది.