విరిగిన చర్మానికి రెండు స్క్రూలు

"విరిగిన చర్మానికి ప్లేటు వేసి, రెండు స్క్రూలు బిగించిన రోగులు త్వరగా కోలుకున్నారు."

మెడికల్ కాలేజీ రెండో సంవత్సరం కుర్రాడు గొంతు సవరించుకుని మరీ గంభీరంగా చదివాడు. చదివాక గానీ ఏం చదివాడో తనకే తెలియలేదు.

చర్మవ్యాధుల విభాగం మీటింగు గదిలో కిసుక్కున మొదలైన నవ్వు వెనక బెంచీల దాకా పాకింది. పెద్దమేడం కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి తెర వైపు చూసింది.

"చర్మానికి స్క్రూలా నాయనా? బిగించింది డాక్టరా, వడ్రంగా?"

ఈ మహానుభావుడు పొద్దున చర్మం దగ్గర, మధ్యాహ్నం ఎముకల దగ్గర రీసెర్చ్ వెలగబెడుతున్నాడు. రెండూ పీజీలో సీటు దొరకడం గగనమైన కోర్సులే. ఏదో ఒకటి తగలకపోతుందా అని రెండు చోట్లా దూరాడు. ఒకచోటి సంగతి ఇంకోచోట పొక్కనివ్వలేదు. ఇద్దరు ప్రొఫెసర్లూ అతన్ని కొత్తల్లుడిలా చూసుకుంటున్నారని హాస్టల్లో 'రెండిళ్ళ అల్లుడు' అని పేరు పెట్టేశారు.

ఎముకల కోసం చేసిన స్లైడ్లనే ముందేసుకుని, ఎముక అన్నచోటల్లా చర్మం అని మార్చమని కంప్యూటర్‌కి చెప్పాడు. మిగతాది తర్వాత దిద్దుకోవచ్చనుకున్నాడు. కంప్యూటర్ చెప్పిన పని చేసింది. ఇతనే మర్చిపోయాడు.

"సారీ మేడం. పాత ఫైలు పంపింది నేను" అంటూ ఒకమ్మాయి లేచి నిలబడింది. అతని క్లాస్‌మేటే. రోగుల ఫోటోల్లో మచ్చలు కొలిచే పని ఆమెది. నవ్వు కూడా మిల్లీమీటర్లలో కొలిచి నవ్వుతుందని అందరూ 'స్కేలు' అంటారు. ఇప్పుడు గదంతా నవ్వుతుంటే ఆమె ముఖం మాత్రం బిగుసుకుని ఉంది.

మన అల్లుడి గుండె అక్కడే జారింది.

బయట వర్షం. వరండా చివర ఆమెను పట్టుకున్నాడు.

"నన్నెందుకు కాపాడావు?"

"నిన్ను కాదు. ఆ మచ్చలన్నీ కొలిచింది నేను. నువ్వు మునిగితే నా పనీ మునుగుతుంది."

ఆ మాటలో కూడా అతనికి ప్రేమే వినిపించింది. ఆ వయసు అలాంటిది. గొంతు సవరించుకున్నాడు.

"నీకో మాట చెప్పాలి. మొదటి రోజే నిర్ణయించుకున్నాను. నా జీవితంలో ఇది తప్ప ఇంకోటి లేదు. వేరే వైపు కన్నెత్తి కూడా చూడను."

"అయిందా?"

"ఆఁ."

"పెద్దమేడం దగ్గర ఇదే చెప్పావు. నేను పక్కనే ఉన్నాను. ఎముకల సుత్తి సార్ దగ్గరా ఇదేనట. ఇప్పుడు చర్మం తీసేసి నన్ను పెట్టావు. మిగతాదైనా దిద్దుకున్నావా, అలాగే వదిలేశావా?"

"సుత్తి సార్ సంగతి నీకెలా..."

"తెలిసింది." ఆమె గొడుగు విప్పింది. "మా నాన్నకీ రెండిళ్ళుండేవి. రెండు చోట్లా ఈ మాటే చెప్పేవాడు. ఓ రోజు సాయంత్రం వస్తానని చెప్పులేసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఈ పాఠం నాకు బట్టీ. ఇంకెవరికైనా అప్పజెప్పుకో."

గొడుగు వెళ్ళిపోయింది. సినిమా హీరో తడిస్తే అందంగా ఉంటాడు. ఇతనికి ముక్కు కారింది.

మర్నాడంతా ఆ ముక్కుతోనే ఆలోచించాడు. ఆ మర్నాడు పెద్దమేడం గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"రీసెర్చ్ పేపర్లో నీ పేరు మూడోది. ఇప్పుడు చివరిది. పని మాత్రం తగ్గదు. వెళ్ళు."

అక్కడి నుంచి ఎముకల విభాగం. సుత్తి సార్‌ది పెద్ద చెయ్యి, అంతకన్నా పెద్ద ఉపన్యాసం. ఆ పేరు దేనివల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

"సార్, నేను చర్మం దగ్గరా పనిచేస్తున్నాను. మీకు చెప్పిన మాటే అక్కడా చెప్పాను. రెండూ ఇష్టమే. చివరికి ఏది తీసుకుంటానో నిజంగా తెలీదు."

"అంటే నీ ప్రాణం ఎముకల్లో లేదు?"

"కొంచెం ఉంది సార్."

"ఓరి నీ! కంచం ముందు కూర్చుని రోజూ నీ గొప్పలే చెప్పానురా! మా అమ్మాయి ముసిముసిగా నవ్వేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఏమ్మా?"

బీరువా పక్కన కుర్చీలో, ఒళ్ళో క్యారియర్‌తో స్కేలు కూర్చుని ఉంది.

"నన్ను లాగకు పెదనాన్నా" అంది.

తండ్రి వెళ్ళిపోయాక ఆమెను పెంచింది ఈయనే. రెండిళ్ళ అల్లుడికి మోకాళ్ళు పట్టు తప్పాయి. ఎముకల డాక్టరు ఎదుట అంతకన్నా అవమానం లేదు.

"నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి గెంటడం లేదు. పాత ఎక్స్‌రేలన్నీ సర్దు" అంటూ సార్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "అమ్మాయ్, వీడు మళ్ళీ 'మొదటి రోజు' అంటే ఒక్క కేకెయ్. సుత్తి టేబుల్ మీదే ఉంది." తలుపు బార్లా తెరిచి వెళ్ళాడు.

ఆమె అడిగింది. "ఇంకేమైనా ఉందా చెప్పడానికి?"

"మొదటి రోజు నుంచి కాదు" అన్నాడు అతను గబగబా. "మొదటి రోజు నువ్వంటే భయమేసింది. తర్వాత కొన్నాళ్ళు చిరాకు. మొన్న అందరూ నవ్వుతుంటే నువ్వొక్కదానివే నవ్వలేదు చూడు, అప్పట్నుంచి."

"మొన్నట్నుంచేనా? అంతేనా?"

"అంతే. ఇంకెవరికీ చెప్పలేదు. ఎటైనా వెళ్ళాల్సి వస్తే ఎక్కడికో చెప్పే వెళ్తాను."

ఆమె పెదవులు అదిరాయి. ఏడుస్తుందేమోనని అతను కంగారుపడ్డాడు. ఆమె క్యారియర్ పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వింది.

"విరిగిన చర్మం! రెండు స్క్రూలు! అందరికన్నా ఎక్కువ నవ్వొచ్చింది నాకే తెలుసా? బుగ్గ లోపల కొరుక్కుని ఆపుకున్నాను. ఇంకా మండుతోంది. నీ ప్రేమకి ఉన్న ఒక్క కారణమూ పోయింది, ఇప్పుడేం చేస్తావ్?"

అతను కొలతల్లేని ఆ నవ్వు వైపు చూశాడు.

"పోనీ" అన్నాడు, "ఇవాళ్టి నుంచి."