సమ్మతించినవారు: ఫాపిసా

మా సవాయి దీవిలో ఈ చుట్టుపక్కల ఎవరి ఫోన్ పగిలినా, నీళ్ళలో పడినా నా కొట్టుకే రావాలి. చదివింది ఎనిమిదో తరగతే గానీ, స్క్రూడ్రైవర్ చేతికొస్తే నేనూ ఒక డాక్టర్నే. మొన్నటి వానల్లో పక్క ఊరి పిల్లలిద్దరు ఏదో వీడియోలో చెప్పిన పందెం కట్టి ఆసుపత్రి పాలయ్యారు. దాంతో మా ఊరి ఆడవాళ్ళ సంఘం నన్ను పిలిచి, ఇంటింటికీ తిరిగి పిల్లల ఫోన్లకు తాళాలు వేసిపెట్టమంది. అంత సంబరమైన పని నేను జన్మలో చేయలేదు. ప్రతి ఇంట్లోనూ కప్పు కోకో, రాళ్ళమీద కాల్చిన చేమదుంప, గంటసేపు కబుర్లు. తాళం వేయడానికి పట్టేది ఐదు నిమిషాలే.

తాళమంటే పెద్ద విద్యేం కాదు. పిల్ల కొత్త వీడియో ఏది తెరవబోయినా, ముందు ఆ ఇంటి పెద్ద ఫోన్‌కి ఒక ప్రశ్న వెళుతుంది. పెద్ద సరేనంటేనే తెరుచుకుంటుంది. ఎవరు, ఏ వేళకి సరేనన్నారో కూడా రాసి ఉంచుతుంది.

మసీనా ఇంటికీ వెళ్ళాను. ఆమె కూతురు ఫెటూకి పదకొండేళ్ళు. ఇంటి పెద్దగా ఎవరి పేరు పెట్టమంటావని అడిగితే, మసీనా వాకిట్లో తన తల్లి సమాధి వైపు చూసింది. మాలో పోయినవాళ్ళని ఇంటి ముందే ఉంచుకుంటాం. ఆ గచ్చు మీదే బట్టలు ఆరేస్తాం, పిల్లలు అక్కడే కూర్చుని చదువుకుంటారు. మసీనా తల్లి ఫాపిసమ్మ పోయి నాలుగు నెలలు. తన ఫోన్ తన చేతిలోనే ఉంచి పూడ్చమని కోరింది, అలాగే చేశారు. నంబరు మాత్రం ఎవరూ తీయించలేదు.

"ఇప్పటికీ ఈ ఇంటికి పెద్ద మా అమ్మే బాబాయ్. ఆవిడ ఉండగా నా పేరు రాస్తే ఏం బావుంటుంది?" అంది మసీనా.

నాకు భలే నచ్చింది. "ఆవిడ పేరే రాద్దాం. పోయినావిడ ఎలాగూ సరేననదు. ఇక ఈ తాళం తీసేవాళ్ళే ఉండరు" అని పకపకా నవ్వాను.

మూడు వారాలకి మసీనా ఫెటూ ఫోన్ పట్టుకుని కొట్టుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫెటూ ఏదో వీడియో చూస్తుంటే వెనక నుంచి చూసిందట. అందులో ఒక ఆడమనిషి. ముఖం లేదు, తెరనిండా జుట్టే. శంఖం ఊదగానే జడ విప్పుకో, అందరూ కళ్ళు మూసుకున్నాక సముద్రం దగ్గరికి రా, అని చెబుతోందట.

పొద్దువాలాక మా ఆడపిల్లలు జడ విప్పరు. విప్పుకుని తీరం వెంట నడిచిన పిల్ల ఇల్లు చేరదు. ఇది మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకీ తెలుసు.

అనుమతుల పట్టీ తెరిచాను. పద్దెనిమిది ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒకే మాట. సమ్మతించినవారు: ఫాపిసా. అన్నీ సాయంత్రం శంఖం ఊది ఊరంతా ప్రార్థనకి కూర్చునే వేళలోనే.

నెట్‌వర్క్ పొరపాటయ్యుంటుందని ధైర్యం చెప్పబోయాను. మసీనా గొంతు తగ్గించింది.

"మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దేనికీ సరే అనడం ఎరగదు బాబాయ్. నా పెళ్ళికే అనలేదు."

నవ్వొచ్చే మాటే. ఇద్దరం నవ్వలేదు.

ఆ సాయంత్రం నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దు కుంగింది. శంఖం ఊదారు. ఇక ప్రార్థన అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ రోడ్డెక్కకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. ఫోన్లన్నీ బుట్టలో వేశాం. మా ఇళ్ళకు గోడలుండవు, స్తంభాలే. సముద్రం వైపు కొబ్బరాకు తెరలు సగం దించారు. చాపల వాసన, పొయ్యి పొగ వాసన. మసీనా మొగుడు సేఫో కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

అప్పుడు వాకిట్లోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. చాలా పాత నూనె... మక్కిపోయినది.

బుట్టలో వెలుగు వచ్చింది.

సమాధి గచ్చు కింద ఏదో ఝుమ్మంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. బండ కింద తేనెటీగ ఇరుక్కున్నట్టు...

ఫెటూ నా పక్కనే ఉంది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఫోన్ ముట్టుకోలేదు. మెల్లగా ఆ చేతులు పైకి లేచాయి. జడ విప్పడం మొదలుపెట్టింది.

మసీనా పిల్ల మణికట్టు పట్టుకుంది. "ఎవరు అడిగారే? నువ్వు అడిగావా?"

"నేను అడగలేదమ్మా" అని గుసగుసలాడింది ఫెటూ. "నన్ను పంపమని వాళ్ళు అడుగుతున్నారు. గచ్చు కిందావిడ సరేనని అంటోంది."

పిల్ల లేచింది. సేఫో ప్రార్థన ఆపేసి నడుము పట్టుకున్నాడు. నిలువెత్తు మగాడు, కొబ్బరి బస్తాలు మోసేవాడు... పిల్ల ఈడుస్తుంటే చాప మీద జారిపోతున్నాడు. ప్రార్థన ముగిసిందని రెండోసారి శంఖం ఊదాక గానీ ఆ పిల్ల ఒళ్ళు సడలలేదు.

మర్నాడు ఫెటూ ఫోన్లో బ్యాటరీ పీకి సొరుగులో పడేశాను. లాభం లేకపోయింది. శంఖం వినగానే ఫెటూ చేతులు జడకి పోతూనే ఉన్నాయి. సమాధి తవ్వుదామంటే ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. మిగిలింది ఒకటే దారి, ఆ పేరు మార్చడం.

నా ఫోన్లోంచే తాళం తెరిచి, ఇంటి పెద్దగా మసీనా పేరు పెట్టాను. పేరు మారాలంటే ఇప్పుడున్న పెద్ద ఒప్పుకోవాలంది. అడిగాను. ఫాపిసా నంబరు నుంచి మొదటిసారిగా 'కాదు' అని వచ్చింది. కింద కారణం కూడా ఉంది. నేను వేసిన తాళంలో కారణం రాసే చోటే లేదు.

అడిగినవారికి వయసు చాలదు.

నా పేరు పెట్టాను. నాకు అరవై మూడు. అదే జవాబు.

నిన్న మా ఊరి పెద్ద తుయాలా గారిని చేయి పట్టి నడిపించుకుంటూ కొట్టుకి తెచ్చాను. ఆయనకి ఎనభై తొమ్మిది. ఫాపిసమ్మ చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఆమెని ఎత్తుకు తిప్పిన మనిషి. ఈ తీరంలో ఆయనకంటే ముందు పుట్టినవాళ్ళు బతికి లేరు. ఇంటి పెద్దగా ఆయన పేరు పెట్టాను. ఫెటూ కోసం ఆయన తెర మీద వేలు ఆనించాడు.

వేలు ఎత్తకముందే జవాబు వచ్చింది. నేను చదవలేదు. ఆయనే కళ్ళు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"నువ్వూ... పసివాడివే."