ఫోకస్ తప్పిన ముఖం

కాలు జారింది!

కంటైనర్ అంచు పట్టుకుని వేలాడుతోంది ఆమె. మోకాలు ఇనుముకు తగిలింది. ఖాళీ డబ్బా కదా... గంట కొట్టినట్టు మోగింది.

ఊపిరి బిగబట్టింది.

కింద లారీ ఇంజన్ ఆగింది. చీకట్లో సిగరెట్ నిప్పు ఒకటి ఇటు తిరిగింది. ఒక క్షణం... రెండు...

మళ్ళీ అటు తిరిగింది.

ఒళ్ళు పైకి లాక్కుని, కంటైనర్ మీద బోర్లా పడుకుంది. మెడలో కెమెరా భద్రంగానే ఉంది. గుండె మాత్రం చోటు తప్పింది.

నలభై రెండేళ్ళ కెమెరా మెకానిక్. చిన్న కొట్టు, చిన్న స్క్రూడ్రైవర్లు, చిన్న బతుకు. అర్ధరాత్రి గోడలు దూకే మనిషి కాదు.

కానీ రేపు పొద్దున పదింటికి తీర్పు.

ఆమె మాట పట్టుకునే ఒక మనిషిని జైల్లో పెట్టారు.

నాలుగు నెలల కిందటి సంగతి. గుడ్లగూబల ఫొటోలు తీసే కస్టమర్ ఒకడు కెమెరా ఇచ్చాడు. సెన్సర్ ముందున్న ఫిల్టర్ తీసేసి, చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడా పట్టేలా మార్చమన్నాడు. మార్చింది. పనిచేస్తోందో లేదో చూద్దామని డాబా ఎక్కింది. ఎదురుగా ఈ పాత ఇనుము యార్డే. స్తంభం మీది దీపం వెలుతురులో ఫోకస్ సరిచేసుకుంది.

దీపం ఆరిపోయింది.

కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్ వేసి, వరసగా బటన్ నొక్కింది. ఏడు ఫొటోలు. వాచ్‌మన్ తాత వైపు నడుస్తున్న ఒక మనిషి. చేతిలో తుపాకీ. ఏడోదాంట్లో తాత నేల మీద ఉన్నాడు.

ఏడింట్లోనూ ముఖం మసకే!

ఎవరని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. తెలియదనే చెప్పబోయింది. పక్కనే కూర్చున్న తమ్ముడు ఫొటో మీదికి వంగి, ఆ భుజాలూ ఆ నడకా యార్డ్ సూపర్‌వైజర్‌వే కదక్కా అన్నాడు. చూడగా చూడగా ఆమెకీ అలాగే అనిపించింది. యార్డ్‌లో రాగి దొంగిలిస్తూ, చూసిన తాతను చంపింది అతనేనని సంతకం పెట్టింది.

పోయిన వారం సూపర్‌వైజర్ భార్య కొట్టుకొచ్చింది. తిట్టలేదు. ఏడవలేదు. స్టూల్ మీద గంటసేపు కూర్చుని, "మీరు ఆయన ముఖం చూశారా?" అని ఒక్క మాట అడిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుంచి నిద్ర లేదు.

మూడు రాత్రులు డాబా మీదే గడిపింది. గోడకు పాత పేపర్ అంటించి, కస్టమర్‌ను అడిగి మళ్ళీ తెచ్చుకున్న అదే కెమెరాతో తీసి చూసింది. అప్పుడు అర్థమైంది. మామూలు వెలుతురు లెన్స్ దాటి ఒక చోట కలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ఇంకాస్త వెనక్కి వెళ్ళి కలుస్తుంది. మామూలు వెలుతురుకు సరిపోయిన ఫోకస్ దీనికి సరిపోదు. చీకటి కోసం లెన్స్ పూర్తిగా తెరిచిపెడితే, ఆ వెంట్రుకవాసి తేడాయే ముఖాన్ని మింగేస్తుంది.

లెన్స్ మీది ఫోకస్ రింగ్‌ను దగ్గరి వైపు కొద్దిగా తిప్పింది.

పేపర్ మీద అక్షరాలు సూదుల్లా నిలబడ్డాయి!

ఇన్‌స్పెక్టర్‌తో చెప్పింది. అప్పుడు అతనే అన్నావు, ఇప్పుడు కాదేమో అంటున్నావు, కోర్టుతో ఆటలా అని కసిరాడు. ఇంకో ఫొటో ఉంటే తెమ్మన్నాడు.

ఆ మూడు రాత్రులూ ఒంటిగంటకు యార్డ్‌లోకి లారీ రావడం విన్నది. సూపర్‌వైజర్ జైల్లో ఉన్నాడు. రాగి మాత్రం ఇంకా పోతూనే ఉంది.

అందుకే వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి కూడా. వాడిది రాత్రి బస్సు డ్యూటీ.

కింద ఇద్దరు రాగి తీగల చుట్టలు లారీలోకి ఎత్తుతున్నారు. ఒకడు పొడుగు. ఇంకొకడు వీపు తిప్పి ఉన్నాడు.

లారీ వెనక దీపం క్షణం వెలిగింది. ఆ వెలుతురులో ఫోకస్ పట్టింది. దీపం ఆరింది. రింగ్ కొద్దిగా తిప్పింది. ఇన్‌ఫ్రారెడ్ లైట్ వేసింది.

తిరగరా... ఇటు తిరుగు...

తిరిగాడు.

క్లిక్. క్లిక్. క్లిక్.

నల్లగుడ్డ కప్పుకుని స్క్రీన్ చూసింది. పెద్దది చేసింది.

గడ్డం మీద మాసిన వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఎడమ కనుబొమ్మలో తెల్లటి గాటు...

ఆ గాటుకు కుట్లు వేయించింది తనే. వాడికి అప్పుడు ఏడేళ్ళు. అమ్మ పోయిన ఏడాది.

తమ్ముడు!

స్టేషన్‌లో వాడు వంగి చూసిన తీరు గుర్తొచ్చింది. మసక ముఖం మీద వాడే వేరే ముఖం అతికించాడు. తను నమ్మింది.

వేలు దానంతటదే తరవాతి ఫొటోకు జరిపింది.

అందులో తమ్ముడు తిన్నగా లెన్స్‌లోకి చూస్తున్నాడు. పక్కన పొడుగువాడి కళ్ళకు చీకట్లో చూసే నైట్ విజన్ గ్లాసులు...

కంటికి కనబడని లైట్ ఆ గ్లాసులకు టార్చిలా కొడుతుంది. పదిహేడేళ్ళుగా కెమెరాలు బాగుచేస్తున్న మెకానిక్‌కు ఆ సంగతే తట్టలేదు!

లైట్ ఆర్పేసింది. అప్పటికే నిచ్చెన మీద బూట్లు.

తమ్ముడు పైకొచ్చి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో తుపాకీ.

"నువ్వని తెలీదక్కా."

"ఆ తాత నీకు రోజూ టీ పోసేవాడురా."

"మమ్మల్ని చూశాడు. ఏం చెయ్యను?" చెయ్యి చాపాడు. "మెమరీ కార్డ్ ఇచ్చెయ్. ఇంటికి పోదాం."

"పదింటికి తీర్పు. ఆయనకో భార్య ఉంది."

"నీకు నేనున్నా."

ఆమె ఇవ్వలేదు. కెమెరా తెరిచి, కార్డ్ తీసి, గుప్పిట్లో పెట్టుకుంది. లాక్కోమన్నట్టు చూసింది.

వాడు లాక్కోలేదు. తుపాకీ దించేశాడు. చిన్నప్పుడు తప్పు చేసి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు. "పో అక్కా. వెనక వైపు నుంచి దిగు. వాడికి నేను..."

ఢాం!

మాట సగంలోనే ఆగింది. వాడు ఆమె మీదికే ఒరిగాడు. బరువుగా... వెచ్చగా...

కింద నుంచి పొడుగువాడి గొంతు మామూలుగా వినిపించింది. "ఆడమనిషి పడిందా? గ్లాసుల్లో సరిగ్గా తెలీలేదు."

తమ్ముడు జవాబివ్వలేదు. ఇక ఎప్పటికీ ఇవ్వడు.

"ఒరేయ్?"

నిచ్చెన మీద బూట్లు. తొందర లేదు. ఒక్కో మెట్టూ.

వెనక వైపు దిగాలి. ఒంటి మీద తమ్ముడి బరువు. నెట్టింది. కదల్లేదు. ఇంకోసారి నెట్టడానికి చేతులు రాలేదు.

ఇక లేవలేనని ఆమెకు తెలిసిపోయింది.

ఫోన్ డాబా మీదే వదిలేసింది. అరిస్తే వినేవాళ్ళు లేరు. జేబులు వీడు వెతుకుతాడు. కెమెరా వీడు పగలగొడతాడు.

కానీ శవాన్ని కోసే డాక్టర్ దాని నోరు కూడా తెరిచి చూస్తాడు.

కార్డ్ నాలుక కింద పెట్టుకుంది. చల్లగా ఉంది.

తమ్ముడి కళ్ళు మూసింది. ఆఖరి మెట్టు కిర్రుమంది.

పళ్ళు బిగించింది.

ఢాం!